ఈఈఈ లెక్చరర్ నుంచి వీసీ కుర్చీ దాకా: హన్మకొండలో మా ఇంటికొచ్చి అందరూ అడిగే ప్రశ్నలు

రిటైరయ్యాక తీరిక దొరుకుతుందనుకున్నాను. దొరకలేదు. ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, హన్మకొండలో మా ఇంటి ముందు గది నిండిపోతుంది. మార్కుల మెమోలు పట్టుకుని తల్లిదండ్రులు, పీహెచ్‌డీ మధ్యలో ఇరుక్కున్న లెక్చరర్లు, అప్పుడప్పుడు "సార్, వీసీ పోస్టుకు అప్లై చేయమంటారా" అని నెమ్మదిగా అడిగే ప్రొఫెసర్లు వస్తుంటారు. ముప్పై ఏళ్లకు పైగా ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్) పాఠాలు చెప్పి, విభాగాధిపతిగా, డీన్‌గా పనిచేసి, చివర్లో మూడేళ్లు ఒక విశ్వవిద్యాలయానికి వైస్ చాన్స్‌లర్‌గా (వీసీగా) ఉన్నాను కాబట్టి నాకు అన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను. నేను పనిచేసిన చోట్ల పేర్లు రాయను. వాటిలో చాలామంది ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్లను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు.

అసలు ఎలక్ట్రికల్ వైపు ఎట్లా వచ్చారు సార్?

మోటరు కాలిపోయి వచ్చాను.

మాది పరకాల వైపు పల్లె. బాపుకు మూడెకరాల పొలం, ఒక బాయి ఉండేవి. ఆయిల్ ఇంజన్ తీసేసి 5 హెచ్‌పీ కరెంటు మోటరు బిగించిన రోజు కొబ్బరికాయ కొట్టి, ఊరంతా బెల్లం పంచాం. నా పదో తరగతి అయ్యేలోపు ఆ మోటరు మూడుసార్లు కాలింది. కాలినప్పుడల్లా దాన్ని ఎడ్లబండి మీద వేసుకుని వైండింగ్ షాపుకు పోయేవాళ్లం. మేస్త్రీ నల్లబడ్డ రాగి తీగను పీకి, కొత్తది చుట్టి ఇచ్చేసరికి నాలుగైదు రోజులు పట్టేది. ఈలోగా ఇక్కడ నారు ఎండిపోయేది. ఎందుకు కాలిందని బాపు అడిగితే మేస్త్రీ ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవాడు. "ఒక ఫేజు పోయింది కాకా, గంతే."

ఒక ఫేజు పోతే మిగతా రెండు ఉన్నాయి కదా, మోటరు ఎందుకు కాలాలి? ఈ ప్రశ్న నా బుర్రలో అట్లాగే ఉండిపోయింది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఇండక్షన్ మోటరు పాఠం విన్నప్పుడు గానీ జవాబు దొరకలేదు. తిరుగుతున్న త్రీ ఫేజ్ మోటరుకు ఒక ఫేజు ఫ్యూజు కొట్టేస్తే అది వెంటనే ఆగదు, తిరుగుతూనే ఉంటుంది. అదే దాని ఖర్మ. నీళ్లు తోడే బరువు ఎప్పటిదే, మోయాల్సింది మాత్రం ఇద్దరే. మిగిలిన రెండు తీగల్లో కరెంటు దాదాపు 1.73 రెట్లు అవుతుంది, అంతకంటే ఎక్కువ కూడా కావచ్చు. కరెంటు పెరిగితే వేడి దాని వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే సుమారు మూడు రెట్లు. తీగ మీది వార్నిష్ ఎంతసేపు తట్టుకుంటుంది? దూరం నుంచి చూసేవాళ్లకు మాత్రం నీళ్లు పోస్తూ మోటరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఆ రోజు క్లాసు అయ్యాక ఇన్లాండ్ లెటర్ మీద బాపుకు బొమ్మ గీసి పంపాను. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. కానీ తర్వాత సెలవుల్లో ఇంటికి పోతే స్టార్టర్‌కు సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోగానే మోటరును ఆపేసే పరికరం) బిగించి ఉంది. ఎవరు చెప్పారంటే "నువ్వే కదరా రాసినవ్" అన్నాడు.

మీరు చదివిన రోజుల్లో ఆర్‌ఈసీ ఎలా ఉండేది?

ఇప్పుడు వరంగల్ నిట్ అంటున్నదే అప్పటి రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ. 1959 అక్టోబర్ 10న నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేశారు. దేశంలోని ఆర్‌ఈసీలలో ఇదే మొదటిది. రెండో పంచవర్ష ప్రణాళికలో పెద్ద ప్రాజెక్టులు చాలా తలపెట్టారు, వాటికి ఇంజనీర్లు కావాలి. అందుకే కేంద్రం, రాష్ట్రం కలిసి ఖర్చు పెట్టుకునేలా ఈ కాలేజీలు పెట్టారు. సగం సీట్లు రాష్ట్రం వాళ్లకు, సగం బయటివాళ్లకు. ఆ పద్ధతి వల్లే పరకాల పిల్లగాడి పక్క మంచం మీద బిహార్ పిల్లవాడు, ఎదురుగా కేరళ పిల్లవాడు ఉండేవారు. మెస్‌లో పప్పుచారు ఎట్లా ఉండాలన్న దాని మీద జరిగినంత చర్చ ఏ సెమినార్‌లోనూ జరగలేదు.

చాలామందికి తెలియని ఒక సంగతి చెప్తాను. ఆర్‌ఈసీకి అప్పట్లో సొంతంగా డిగ్రీ ఇచ్చే అధికారం లేదు. మొదట్లో ఉస్మానియా పట్టా ఇచ్చేది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చాక పట్టా మీద కాకతీయ పేరు ఉండేది. నా సర్టిఫికెట్ అదే. 2002లో నిట్‌గా, సొంతంగా పట్టా ఇవ్వగల డీమ్డ్ యూనివర్సిటీగా మారింది. 2007లో నిట్ చట్టం వచ్చాక జాతీయ ప్రాముఖ్యత కలిగిన సంస్థ అయింది. "మీది నిట్ డిగ్రీ కాదా సార్" అని ఒక పిల్లవాడు కొంచెం జాలిగా అడిగాడు ఈమధ్య. కాదు నాయనా.

చదువులో నాకు బాగా గుర్తున్నది మెషీన్స్ ల్యాబ్. ఆల్టర్నేటర్‌ను, అంటే కరెంటు పుట్టించే మిషనును, లైనుకు కలపడానికి ఇప్పుడు పరికరాలున్నాయి. మాకు మూడు బల్బులు పెట్టేవారు. అవి వెలుగుతూ, ఆరుతూ, నెమ్మదిగా ఊపిరి తీస్తున్నట్టు ఉండేవి. మూడూ పూర్తిగా ఆరిపోయిన క్షణంలో స్విచ్ వేయాలి. ముందే వేస్తే మిషను మూలుగుతుంది, ల్యాబ్ అసిస్టెంట్ అంతకంటే గట్టిగా మూలుగుతాడు. నా చేయి వణికింది మొదటిసారి. తర్వాత ముప్పై ఏళ్లలో ఎంతమంది పిల్లల చేతులు ఆ స్విచ్ దగ్గర వణకడం చూశానో లెక్కలేదు.

ప్రొఫెసర్ కావాలంటే ఏం చదవాలి? ఎన్నేళ్లు పడుతుంది?

బీటెక్, గేట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంటెక్, తర్వాత పీహెచ్‌డీ. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నిబంధన ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు బీటెక్, ఎంటెక్ ఉండి రెండింటిలో ఒకదాంట్లోనైనా ఫస్ట్ క్లాస్ ఉంటే చాలు. కానీ నిట్‌లు, పేరున్న సంస్థలు పీహెచ్‌డీ లేనిదే మొహం చూడవు. అసోసియేట్‌కు పీహెచ్‌డీ, ఎనిమిదేళ్ల అనుభవం కావాలి. ప్రొఫెసర్‌కు కనీసం పదేళ్ల అనుభవం, అందులో మూడేళ్లు అసోసియేట్‌గా ఉండాలి. వీటికి పరిశోధన పత్రాల లెక్క వేరే.

కాగితం మీద పదేళ్లు. వాస్తవంగా చూస్తే ఎంటెక్ అయ్యాక ప్రొఫెసర్ అయ్యేసరికి పదిహేనేళ్లు దాటితే ఆశ్చర్యపోకండి. నోటిఫికేషన్ పడాలి, కోర్టు కేసు పడకూడదు, పడితే తేలాలి. నా మటుకు 1980ల్లో లెక్చరర్‌గా చేరి, ఆపై క్యూఐపీ కింద ఒక ఐఐటీలో పీహెచ్‌డీ చేశాను. క్యూఐపీ అంటే పనిచేస్తున్న టీచర్లను జీతంతో పై చదువుకు పంపే కేంద్ర పథకం, 1970లో మొదలైంది. ఇద్దరు పిల్లలతో, జీతం ఆగకుండా పీహెచ్‌డీ చేయగలిగానంటే దాని పుణ్యమే.

ఇప్పటి పిల్లలకు ఆర్థికంగా కాస్త నయం. గేట్‌తో ఎంటెక్ చేరితే నెలకు 12,400 రూపాయలు వస్తాయి. పీహెచ్‌డీలో ఫెలోషిప్ 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు 37,000, తర్వాత 42,000.

జీతం ఎంత సార్? దాచకుండా చెప్పండి.

దాచడానికేముంది. ఏడో వేతన సవరణ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700తో మొదలవుతుంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) స్కేలులో ప్రొఫెసర్‌కు 1,44,200, నిట్‌లలో 1,59,100. వైస్ చాన్స్‌లర్‌కు 2,10,000, దాని మీద ప్రత్యేక భత్యం 11,250. డీఏ, ఇంటి అద్దె వేరు.

ఇది రెగ్యులర్ వాళ్ల సంగతి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పేవాళ్లలో కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులు చాలామంది. ఒకే సిలబస్, ఒకే నల్లబల్ల, జీతం మాత్రం ఎక్కడికక్కడ వేరు. ప్రైవేటు కాలేజీల్లో కాగితం మీద ఉన్న జీతం, చేతికొచ్చే జీతం ఒకటేనా అని అడిగి మరీ చేరండి. ఇంతకంటే నేను రాయలేను.

ప్రొఫెసర్‌కు వారానికి పద్నాలుగు గంటలే పని అంటారు, నిజమేనా?

మా బామ్మర్దికి కూడా ఇదే అనుమానం. యూజీసీ లెక్కలో నేరుగా బోధించాల్సింది అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, ప్రొఫెసర్‌కు 14. మొత్తం పని వారానికి 40 గంటలకు తగ్గకూడదని కూడా అక్కడే రాసి ఉంది, ఆ లైను ఎవరూ చదవరు. పేపర్లు దిద్దడం, ప్రాజెక్టులు చూడడం, థీసిస్ అధ్యాయాలు మూడోసారి, నాలుగోసారి చదవడం, ల్యాబ్‌కు కొనాల్సిన వాటికి మూడు కొటేషన్లు తెప్పించడం అన్నీ ఆ మిగతాదాంట్లోవే. కొత్త సబ్జెక్టు మొదటిసారి చెప్తుంటే గంట పాఠానికి నాలుగు గంటలు చదువుకోవాలి. పదోసారి చెప్తుంటే అవసరం లేదు, కానీ చదవకుండా పోతే పిల్లలకు రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మీ పరిశోధన దేని మీద? మా లాంటి వాళ్లకు అర్థమవుతుందా?

డిస్ట్రిబ్యూషన్ మీద. అంటే సబ్‌స్టేషన్ నుంచి మీ ఇంటికి, మీ బాయి దగ్గరికి కరెంటు వచ్చే ఆఖరి దారి. 33 కేవీ నుంచి 11 కేవీకి, అక్కడి నుంచి పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 433 వోల్టులకు దిగుతుంది. ఐఐటీలో నా తోటివాళ్లు పెద్ద పెద్ద గ్రిడ్‌ల మీద పనిచేస్తుంటే నాది పొలం గట్టు పరిశోధన అని ఎగతాళి చేసేవాళ్లు. నాకు అదేమీ తప్పుగా అనిపించలేదు.

ఒక లెక్క చెప్తాను, కాగితం తీసుకోండి. 5 హెచ్‌పీ మోటరు ఇచ్చే పని 3.73 కిలోవాట్లు. మోటరు సామర్థ్యం 80 శాతం అనుకుంటే అది లాక్కునేది 4.66 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ (లాక్కున్న కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) 0.75 ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు 6.2 కేవీఏ. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నాలుగు మోటర్లకే నిండిపోయింది. ఐదో రైతు స్విచ్ వేశాడంటే అది వేడెక్కడం మొదలు. ఇప్పుడు ఒక్కో మోటరుకు సరిపోయే కెపాసిటర్ పెట్టి పవర్ ఫ్యాక్టర్‌ను 0.95కు తెస్తే ఒక్కోటి 4.9 కేవీఏ. ఐదింటికి 24.5. అదే ట్రాన్స్‌ఫార్మర్ ఐదుగురిని మోస్తుంది. కెపాసిటర్ ధర, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ బాగుచేయించే ఖర్చు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంక మాట్లాడాల్సింది ఉండదు.

మరి రైతులు ఎందుకు పెట్టరంటే, పెట్టిన రైతుకు నేరుగా లాభం కనపడదు. వ్యవసాయానికి కరెంటు ఉచితం, 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ. ట్రాన్స్‌ఫార్మర్ అందరిదీ, కెపాసిటర్ ఖర్చు ఒక్కడిది. ఈ చిక్కుముడిని సమీకరణాలతో విప్పలేమని తెలుసుకోవడానికి నాకు రెండు థీసిస్‌లు పట్టాయి.

2012లో సగం దేశం చీకటైతే మనకు కరెంటు ఎట్లా ఉంది?

క్లాసులో నేను బాగా ఇష్టపడే ప్రశ్న ఇది. ఆ ఏడాది జూలై 30న ఉత్తర గ్రిడ్, అంటే ఉత్తరాది రాష్ట్రాలను కలిపే కరెంటు లైన్ల వల, కూలింది. మర్నాడు, జూలై 31న ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ కూలిపోయి 60 కోట్ల మందికి పైగా చీకట్లో ఉన్నారు. వరంగల్‌లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. అది మన గొప్పతనం కాదు. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఏసీ లైనుతో కలవలేదు. కలిపినవి డీసీ లింకులు. వాటిలో ఒకటి మనకు బాగా దగ్గర, చంద్రపూర్ పక్కన భద్రావతి. అక్కడ ఏసీని డీసీగా మార్చి, అదే ప్రాంగణంలో మళ్లీ ఏసీగా మార్చి రామగుండం వైపు పంపుతారు. అట్లా మధ్యలో డీసీ ఉంటే ఇటు ఫ్రీక్వెన్సీ (ఏసీ సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క) ఇటే, అటుది అటే. అవతలి ఊగిసలాట ఇవతలికి రాదు.

తర్వాత 2013 డిసెంబర్ 31న రాయచూర్, షోలాపూర్ మధ్య 765 కేవీ లైనుతో దక్షిణం కూడా కలిసింది. అప్పటి నుంచి దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ. మేడారం జాతరలో వెలిగే బల్బు, ఢిల్లీలో వెలిగే బల్బు ఒకే తాళానికి నడుస్తున్నాయి. కరువులో కరెంటు తెచ్చుకోవడం తేలికైంది, అయితే ఎక్కడో జరిగిన తప్పు మనదాకా వచ్చే దారి కూడా తెరుచుకుంది. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగం చెప్పే విద్యార్థికి నేను వైవాలో మార్కులు తగ్గించేవాణ్ణి.

విభాగాధిపతి అయితే ఏం మారుతుంది?

టైమ్‌టేబుల్ మీ చేతికి వస్తుంది, దాంతోపాటు శత్రువులు. సోమవారం మొదటి గంట ఎవరికీ వద్దు, శనివారం మధ్యాహ్నం అసలే వద్దు. ఈ పదవి సాధారణంగా వంతులవారీగా వస్తుంది, జీతంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

అక్రెడిటేషన్ బృందం వచ్చిన రోజు ఒకటి చెప్పాలి. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ పూర్తి సభ్యదేశం అయ్యాక, కోర్సుల నాణ్యత చూసే ఎన్‌బీఏ గుర్తింపుకు విలువ పెరిగింది, అందరం కంగారుగా ఉన్నాం. బృందం లోపలికి వచ్చి కూర్చుంది. నేను లేచి "మా ఎలక్ట్రికల్ విభాగం" అన్నానో లేదో కరెంటు పోయింది. జనరేటర్ స్టార్ట్ కాలేదు, బ్యాటరీ దిగిపోయింది. చీకట్లో ఎవరో ముసిముసిగా నవ్వారు. మా ల్యాబ్ టెక్నీషియన్ తన స్కూటర్ బ్యాటరీ విప్పి తెచ్చి జనరేటర్ స్టార్ట్ చేశాడు. రిపోర్టులో సాంకేతిక సిబ్బంది నైపుణ్యం గురించి మంచి మాట రాశారు. నిజమే కదా.

వైస్ చాన్స్‌లర్‌ను ఎవరు ఎంపిక చేస్తారు? నిట్ డైరెక్టర్ కూడా అంతేనా?

రెండూ వేరు. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి గవర్నర్ చాన్స్‌లర్. వీసీ కోసం సెర్చ్ కమిటీ వేస్తారు. అందులో యూజీసీ తరఫున, రాష్ట్ర ప్రభుత్వం తరఫున, ఆ విశ్వవిద్యాలయ పాలక మండలి తరఫున ఒక్కొక్కరు ఉంటారు. వాళ్లు మూడు పేర్లు ఇస్తారు, అందులోంచి ఒకరు. పదవీకాలం మూడేళ్లు. ప్రొఫెసర్‌గా కనీసం పదేళ్ల అనుభవం ఉండాలన్నది 2018 యూజీసీ నిబంధన. నిట్‌లకు రాష్ట్రపతి విజిటర్. డైరెక్టర్‌ను నియమించేది విజిటరే, పదవీకాలం ఐదేళ్లు.

"పైరవీ ఉంటుందా" అన్నది దీని వెనకే వచ్చే ప్రశ్న. దరఖాస్తు చేసిన నెల రోజుల్లో నాకు పదేళ్లుగా ఫోన్ చేయని బంధువులు ఫోన్ చేశారు. ఎవరెవరిని కలవాలో చెప్పారు. నేను కలిశానా లేదా అన్నది మీరు నమ్మేదాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వదిలేస్తున్నాను.

ఇంజనీరింగ్ ప్రొఫెసర్ వీసీ అయితే బాగా నడుపుతాడా?

అట్లాంటి గ్యారంటీ ఏదీ లేదు. వరంగల్‌లో వీసీ అనగానే పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకునే పేరు జయశంకర్ సార్‌ది. 1991 నుంచి 1994 దాకా కాకతీయ వీసీ. ఆయనది ఆర్థికశాస్త్రం. సబ్జెక్టు ఏదన్నా కావచ్చు, విద్యార్థి నాయకుడు గదిలోకి దూసుకొస్తే ముందు కూర్చోబెట్టి మాట్లాడగలగాలి. అది మెషీన్స్ ల్యాబ్‌లో నేర్పరు.

ఒక్కచోట మాత్రం నా సబ్జెక్టు నాకు పనికొచ్చింది. చేరిన రెండో నెలలో సంతకానికి వచ్చిన ఫైళ్లలో కరెంటు బిల్లు ఉంది. అంతకుముందు అందరూ మొత్తం చూసి సంతకం పెట్టేవారు. నేను అలవాటుకొద్దీ వెనక్కి తిప్పి చదివాను. మా క్యాంపస్‌కు హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్, ఒప్పందం చేసుకున్న డిమాండ్, అంటే ఒక్కసారిగా వాడుకోగల గరిష్ఠ లోడు, 900 కేవీఏ. మే నెల ఎండల్లో కూడా మీటరు చూపించిన గరిష్ఠం 550 దాటలేదు. హెచ్‌టీలో నియమం ఏమిటంటే, మీరు వాడినా వాడకపోయినా ఒప్పందంలో 80 శాతానికి డిమాండ్ చార్జీ కట్టాలి. అంటే 720కి. వాడని 170 కేవీఏకు నెలనెలా డబ్బు కడుతున్నాం, ఎప్పటి నుంచో ఎవరికీ తెలియదు. ఏదో కొత్త భవనం వస్తుందని ఒకప్పుడు పెంచారట, ఆ భవనం రాలేదు.

ఒప్పందాన్ని 650కి తగ్గించమని దరఖాస్తు పెట్టాం. కెపాసిటర్ ప్యానెల్ తెరిపించి చూస్తే సగం కెపాసిటర్లు ఉబ్బి చచ్చి ఉన్నాయి, వాటిని మార్చాం. ఇంత చిన్న పనికి ఎనిమిది నెలలు పట్టింది. ఫైలు ఇంజనీరింగ్ విభాగం నుంచి ఫైనాన్స్‌కు, అక్కడి నుంచి మళ్లీ ఇంజనీరింగ్‌కు తిరిగింది. "ఇప్పటిదాకా ఎవరూ తగ్గించమని అడగలేదు సార్" అన్నారు ఒక అధికారి, అది నా తప్పన్నట్టు. మిగిలిన డబ్బుతో అమ్మాయిల హాస్టల్‌లో సోలార్ వాటర్ హీటర్లు పెట్టించాం. మూడేళ్లలో నేను పూర్తిగా నావల్ల జరిగిందని చెప్పుకోగల పని అదొక్కటే. మిగతావన్నీ ముందువాళ్లు మొదలుపెట్టినవి, లేదా తర్వాతివాళ్లు పూర్తిచేయాల్సినవి.

వీసీగా రోజంతా ఏం చేస్తారు?

సంతకాలు, సమావేశాలు, కోర్టు కేసులకు కౌంటర్లు, జీతాలకు నిధులు రాకపోతే సెక్రటేరియట్ చుట్టూ తిరగడం. రాత్రి తొమ్మిదింటికి మెస్‌లో అన్నం బాగాలేదని ధర్నా అంటే అక్కడికి పోవాలి. పోయి వాళ్ల ప్లేటులోనే తినాలి, అప్పుడే నమ్ముతారు. స్నాతకోత్సవం రోజు గౌను వేసుకుని ఫొటో దిగుతారు చూడండి, మీరు పేపర్లో చూసేది ఆ ఒక్క పూటే. ర్యాంకింగుల గొడవ ఒకటి. 2016లో ఎన్‌ఐఆర్‌ఎఫ్ (కేంద్రం ఇచ్చే జాతీయ ర్యాంకులు) తొలి జాబితా వచ్చిన దగ్గర్నుంచి ప్రతి సంవత్సరం డేటా పంపే ముందు నెల రోజులు అందరికీ టెన్షన్. ఖాళీలు భర్తీ కాకుండా ర్యాంకు ఎట్లా పెరుగుతుందని నేను ఒక సమావేశంలో అడిగాను. జవాబుగా టీ తెప్పించారు.

మీరు చేసిన పెద్ద తప్పు ఏమిటి?

ఇది అడిగింది ఒక్కరే, ఎంటెక్ చదువుతున్న ఒక అమ్మాయి. కానీ తరచుగా నన్ను నేను అడుగుతుంటాను కాబట్టి ఇక్కడ చేర్చాను.

వీసీ అయ్యేనాటికి నా దగ్గర ఇద్దరు పీహెచ్‌డీ చేస్తున్నారు. ఒకతను పాలిటెక్నిక్ లెక్చరర్, జగిత్యాల వైపు నుంచి బస్సులో వచ్చేవాడు. పదవి వచ్చినా గైడ్‌గా కొనసాగుతానని గొప్పగా చెప్పాను. అతను మూడో అధ్యాయం పట్టుకుని వస్తే నా ఆఫీసు బయట బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లు. లోపల నేను ఎవరో ఎమ్మెల్యే మనిషితో సీటు గురించి మాట్లాడుతుండేవాణ్ణి. సాయంత్రం ఆఖరి బస్సుకు టైమవుతోందని చీటీ పెట్టి వెళ్లిపోయేవాడు. "సార్, మళ్లీ వస్తాను." అట్లాంటి చీటీలు నా టేబుల్ సొరుగులో ఏడు దొరికాయి, పదవీకాలం అయ్యాక సర్దుతుంటే. అతని థీసిస్ రెండేళ్లు ఆలస్యమైంది, ఆ రెండేళ్లలో పడిన నోటిఫికేషన్ ఒకటి అతనికి పోయింది.

మొదటి రోజే వేరే గైడ్‌కు అప్పగించి ఉండాల్సింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టింది నేనైతే నీళ్లల్లో పడింది అతను. అతను ఇప్పటికీ దసరాకు జమ్మి ఆకు పట్టుకుని వస్తాడు. నేనేమీ అనలేను.

మా వాడికి ఈఈఈ వచ్చింది. సీఎస్‌ఈ కోసం ఆగమంటారా?

వాడికేం కావాలో అడిగారా? సాఫ్ట్‌వేర్ మీదే మనసుంటే ఈఈఈలో చేర్చి నాలుగేళ్లు ఏడిపించకండి. ఇష్టమే అయితే మాత్రం భయపడాల్సిన పని లేదు. ఈ చుట్టుపక్కలే చూడండి. రామగుండంలో ఎన్టీపీసీ పాత స్టేషన్ 2,600 మెగావాట్లు, పక్కనే కొత్త తెలంగాణ ప్రాజెక్టులో 800 మెగావాట్ల యూనిట్లు రెండు, అక్కడి రిజర్వాయరు నీళ్ల మీద తేలే సోలార్ 100 మెగావాట్లు. భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంటు 500, 600 మెగావాట్లు. ఉత్తర తెలంగాణకు కరెంటు పంచే ఎన్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం మన హన్మకొండలోనే. కాళేశ్వరంలో లక్ష్మీపూర్ పంపుహౌస్‌లో ఒక్కో మోటరు 139 మెగావాట్లు. మా బాపు మోటరు లాంటివి ముప్పై ఏడు వేలు కలిపితే ఒకటి. ఉద్యోగాలు ఏటా ఒకేలా పడవు, పోటీ ఎక్కువ, అది కూడా తెలుసుకునే చేర్చండి.

అమ్మాయిలకు ఎలక్ట్రికల్ కష్టం కదా సార్?

మా విభాగంలో ఆ మూడు బల్బుల స్విచ్ చేయి వణకకుండా వేసినవాళ్లలో సగం మంది అమ్మాయిలే. 2018 నుంచి ఐఐటీలు, నిట్‌లలో అమ్మాయిలకు అదనపు సీట్లు కూడా పెట్టారు. వేరే ప్రశ్న అడగండి.

తెలుగు మీడియంలో చదివితే ప్రొఫెసర్ కాగలమా?

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. మొదటి ఏడాది ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క అర్థం కాక రాత్రిళ్లు హాస్టల్ మేడ మీద ఏడ్చాను. రెండో ఏడాదికి సర్దుకుంది. లెక్చరర్ అయ్యాక మాత్రం క్లాసులో కష్టమైన చోట తెలుగులోకి దిగేవాణ్ణి. వెనక బెంచీల్లో తలలు లేచేవి. బయటి రాష్ట్రాల పిల్లలు ఉంటారు కాబట్టి మళ్లీ ఇంగ్లిష్‌లో చెప్పేవాణ్ణి. గంట సరిపోయేది కాదు, వాళ్ల తిట్లు వీళ్ల దీవెనలు రెండూ తిన్నాను.

రిటైర్మెంట్ ఎప్పుడు? ఆ తర్వాత?

నిట్‌లో 65. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 60 ఉండేది, 2025లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని 65 చేసింది. సీనియర్లు స్వీట్లు పంచుకున్నారు, పోస్టుల కోసం ఎదురుచూస్తున్న పిల్లలు పంచుకోలేదు. ఇద్దరి బాధా నాకు అర్థమవుతుంది.

మిమ్మల్ని కలవాలంటే ఎప్పుడు రావాలి?

సాయంత్రం ఐదు దాటాక. ఆదివారం వద్దు, మనవరాలు వస్తుంది. మార్కుల మెమోతోపాటు చేరాల్సిన పిల్లనో పిల్లవాణ్ణో కూడా తీసుకురండి. చాలామంది మెమో ఒక్కటే తెస్తున్నారు.